వారసు లిరువురు, చిరునామా యొక్కటి

విడుపువాది: ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అను సంస్థ నేడు లేదు. ఖమ్మము కేంద్రముగా నుండిన నాగార్జున గ్రామీణ బ్యాంకును, వరంగల్లు కాకతీయను, పాలమూరు సంగమేశ్వరను, మెదకు సీమ మంజీరను, శ్రీకాకుళపు శ్రీవిశాఖను ఏకము చేసి 2006 మార్చి 31వ తేదీన దానిని నెలకొల్పిరి. 2025 జనవరి 1న దాని తెలంగాణ శాఖలు 493 తెలంగాణ గ్రామీణ బ్యాంకులో లీనమైనవి. అదే యేడు మే 1న తక్కిన శాఖలు మఱి మూడు గ్రామీణ బ్యాంకులతో గూడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినవి. సంస్థయే రెండుగా విభక్తమై రెండు కొత్త సంస్థలలో కలిసిపోయిన పిమ్మట, ‘ఏపీజీవీబ్యాంక్ డాట్ ఇన్’ అని ఇంటర్నెట్టులో అది వాడుకొనిన చిరునామాను ఏటేటా రుసుము చెల్లించి నిలుపుకొనుట యెవరి కొఱకు? దానిని వెదకువారు నానాటికి తగ్గుదురే కాని పెరుగరు. వెదకి వచ్చినవారికైనను అక్కడ జరుగవలసిన పని యేదియు మిగిలియుండదు. విడిచివేయుట ఉచితము.

నిలుపువాది: సంస్థ లేదన్నారు, అంగీకరించితిని. ఆ సంస్థ పేరు అచ్చయిన పాసుపుస్తకములు మాత్రము లేకపోలేదు. చర్ల, దుమ్ముగూడెము ప్రాంతములలో పోడు పట్టాతోను రేషను కార్డుతోను జతచేసి ఇనుప పెట్టెలో దాచుకొనిన పుస్తకముమీది అక్షరములు, బ్యాంకు పేరు మాఱినదని గెజెట్టులో ప్రకటించినంతమాత్రమున చెరిగిపోవు. ఆ మన్యపు రైతు కంప్యూటరు ముందు కూర్చుండి చిరునామా టైపు చేయడన్నది నిజమే. కాని ఆతని ఖాతా సంగతి చూచెడి కుమారుడో మనుమరాలో కొత్తగూడెమునందో హైదరాబాదునందో ఉండి, తాత పుస్తకముమీది పేరునే ఫోనులో వెదకును. ఆ వెదకులాట పాత చిరునామా కడకు చేరినపు డక్కడ నుండువా రెవరన్నదే నా ప్రశ్న. ఎవరును ఉండరని మీరు తలంచుచున్నట్లున్నది. గడువు తీఱిన డొమైను, సాధారణముగా, కొన్నాళ్ళ వెసులుబాటును, ముప్పది దినముల విమోచన కాలమును, అయిదు దినముల తుది నిరీక్షణమును దాటిన వెంటనే బహిరంగ విపణిలోనికి వచ్చును. వేయి రూపాయలకు లోబడిన రుసుముతో, ముందు అడిగినవాడు దానిని తన పేర వ్రాయించుకొనును. ఆ అడుగువాడు ఖమ్మము వాడు కానక్కఱలేదు, బ్యాంకు వాడు కానక్కఱలేదు, సజ్జనుడు కానక్కఱ అంతకన్న లేదు.

విడుపువాది: దుర్జనునికి మీ పాత పేరుతో నిమిత్తమేమి? తిరుమల తిరుపతి దేవస్థానముల విషయము చూడుడు. వారి సేవల టికెట్టులను అమ్ముచున్నామని చెప్పుకొనుచు నకిలీ వెబ్‌సైటులు పదులకొలది వెలసినవి, దేవస్థానము వారు పోలీసులకు ఫిర్యాదులు చేసిరి. అవన్నియు దేవస్థానము పాఱవైచిన పేర్లను ఏఱుకొనినవి కావు; అసలు పేరునకు ఒక అక్షరము చేర్చియో తీసియో కొత్తగా పుట్టించినవే అధికము. మోసగానికి పుట్టించుకొనదగిన పేర్లు అనంతముగా నున్నపుడు, వానిలో ఒక్కదానిని మీరు బిగబట్టినంతమాత్రమున కలిగెడు రక్షణ యెంత? పైగా మన సీమలో జరుగుచున్న మోసములలో పెక్కింటికి డొమైనే అక్కఱలేదు. కేవైసీ గడువు తీఱినదని వాట్సాపులో ఒక యాప్ ఫైలు పంపుదురు, ఓటీపీ చెప్పుమందురు, పని ముగిసినది.

నిలుపువాది: కొత్తగా పుట్టించిన పేరునకును, ఇన్నేండ్లు నిజముగా బ్యాంకు వాడిన పేరునకును గల భేదమును మీరు దాటవేయుచున్నారు. కొత్త పేరును ఎవరికైనను పరిచయము చేయవలెను. పాత పేరు వేల ఫోనులలో, ప్రభుత్వ కార్యాలయముల పట్టికలలో, ఇతరుల వెబ్‌సైటుల లింకులలో, సెర్చి యంత్రముల స్మృతిలో ఇదివఱకే పాతుకొనియున్నది. పాతుకొనిన పేరు ఎంతకాలము పలుకుచుండునో తెలియుటకు ఒక వృత్తాంతము. ‘డాట్ మోబి’ పేర్ల నమోదు వివరములను చెప్పెడు సర్వరు ఒకప్పుడొక చిరునామాలో నుండెను. నిర్వాహకులు దానిని వేఱొక చిరునామాకు మార్చి, పాతదానిని 2023 డిసెంబరులో గడువు తీఱనిచ్చిరి. వాచ్‌టవర్ అను భద్రతా సంస్థ పరిశోధకులు దానిని 20 డాలర్లకు కొని, అక్కడ తమ సర్వరు నొకదానిని నిలిపి చూచిరి. 2024 సెప్టెంబరులో వారు ప్రకటించిన దేమనగా, 1,35,000కు పైబడిన యంత్రములు కొత్త చిరునామా సంగతి యెఱుగక పాత గుమ్మమునే తట్టుచున్నవి; వానిలో ప్రభుత్వముల మెయిలు సర్వరులును గలవు, వెబ్‌సైటులకు ధ్రువపత్రము లిచ్చెడు సంస్థలవియు గలవు. ఇంటర్నెట్టు మర్మములను వృత్తిగా నెఱిగినవారి గతి యిట్లుండగా, మన మండల కార్యాలయపు గుమాస్తా తన పట్టికలోని పాత మెయిలు చిరునామాను దిద్దుకొనెనని మీరు పూచీపడగలరా?

ఇంకొకటి కూడ చెప్పి ముగించెదను. 2018లో ఆస్ట్రేలియాలో ఒక పరిశోధకుడు, విలీనములలో పేర్లు మార్చుకొనిన న్యాయవాద సంస్థలు విడిచివేసిన డొమైనులను తాను నమోదు చేసికొని, వానికి మెయిలు వచ్చు నేర్పాటు గావించెను. ఆ సంస్థలకు చేరవలసిన రహస్యపు కాగితములు ఆతని పెట్టెలో వచ్చి పడజొచ్చెను. ఆతడు మంచివాడు గనుక లోకమునకు చెప్పెను. మన కథలో కూడ విలీనమే గదా జరిగినది?

విడుపువాది: మెయిలు విషయమున మీ మాట బలమైనది; దానిని తేలికగా త్రోసివేయజాలను. బ్యాంకు పాత మెయిలు చిరునామాకు వచ్చెడు ఉత్తరములో ఖాతా సంఖ్య యుండును, ఆధారు ప్రతి యుండును, రుణమాఫీ జాబితా యుండును. అవి పరుల పాలగుట క్షమింపరానిది. కొంతకాలము నిలుపవలెనన్నంతవఱకు ఓడితి ననుకొనుడు.

అయినను నా ప్రధాన వాదమింకను మీ ముందు పెట్టలేదు. 2025 ఫిబ్రవరి 7న రిజర్వు బ్యాంకు, దేశమందలి బ్యాంకులన్నింటికిని ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అను ప్రత్యేకమైన చిరునామాలు రానున్నవని ప్రకటించెను. ఏప్రిల్ 22న సర్క్యులరు వెలువరించి, అక్టోబరు 31 లోపల అందఱును వానికి మాఱవలెనని ఆదేశించెను. ఆ పేర్లను ఇచ్చు అధికారము హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థ కొక్కదానికే కలదు. బ్యాంకు కానివానికి అది దొరకదు. ఇందలి సౌలభ్యము చూడుడు. ఇన్నేండ్లుగా మనము చదువు తక్కువైన ఖాతాదారునకు ఏమి బోధించితిమి? అక్షరదోషములు చూడుము, తాళము బొమ్మ చూడుము, అనుమానము వచ్చిన మేనేజరు నడుగుము అని పది సూత్రములు చెప్పి, ఒక్కటియు నిలువకుండ చేసితిమి. ఇపుడు చెప్పవలసినది ఒక్క సూత్రము: తోక చూడుము, ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ లేనిచో అది నీ బ్యాంకు కాదు. మహిళా సంఘపు సమావేశములో రెండు నిమిషములలో చెప్పవచ్చును, కోయభాషలో కూడ చెప్పవచ్చును. ఇంత తేట సూత్రమునకు మీరే మినహాయింపు పుట్టించుచున్నారు. పాత చిరునామా సజీవముగా నుండి, దానిని నొక్కినవాడు సురక్షితముగా కొత్తదానికి చేరెనేని, ఆ ఖాతాదారుడు నేర్చుకొనునది యేమి? ‘తోక వేఱైనను ఫరవాలేదు, తుదకు బ్యాంకే వచ్చును’ అని గదా! నేడు పాత పేరువలన నేర్చిన ధీమా, ఱేపు దొంగ పేరు ముందు వానిని ముంచును. మీరు రక్షణమనుకొని చేయు పని అవివేకమునకు అభ్యాసమగుచున్నది.

నిలుపువాది: మీ పక్షమున నేను విన్నవాని కెల్ల ఇది ఉత్తమమైన తర్కము; దీని ముందు పాత చిరునామానుండి కొత్తదానికి దారి మళ్ళించుట నిరపాయమని నేను వాదింపను. మళ్ళింపు కొన్నాళ్ళకే తగును. ఆ పిమ్మట పాత చిరునామాను మూగదానిని చేయుడు: పేజీ యుండరాదు, లింకు పలుకరాదు, మెయిలు స్వీకరింపబడరాదు, పంపినవానికి ‘ఇట్టి పెట్టె లేదు’ అని తిరుగుటపా పోవలెను. అపుడు ఖాతాదారునకు నేర్పవలసిన సూత్రము చెడదు, చిరునామా అన్యుని చేతికి పోదు. నేను కోరునది దాని సేవను కాదు, దాని స్వాధీనమును. ఈ రెండింటిని మీరు కలిపివేసి చర్చించుచున్నారు.

విడుపువాది: మూగ చిరునామాను కనిపెట్టియుండువా డెవడు? పనిచేయుచున్న వెబ్‌సైటు ఆగిపోయిన గంటలో నూఱు ఫోనులు వచ్చును. మూగది పోయిన సంగతి పోగొట్టుకొనినవానికే తెలియదు. మన కార్యాలయముల తీరు మీరెఱుగనిదా? డొమైను నమోదు చేసిన అధికారి పేరున, ఆతని మెయిలుకు, ఆతని ఫోనుకు జ్ఞాపకపు సందేశములు వచ్చును. ఆతడు బదిలీయైనను పదవీ విరమణ చేసినను ఆ సందేశములు ఆతనినే వెంటాడును. పాస్‌వర్డు ఏ డైరీలోనో మిగులును. ఏ లాభమును లేని పద్దును ఆడిటరు ప్రశ్నించును. ప్రశ్నకు బదులు వ్రాయుటకన్న పద్దును కొట్టివేయుట సులువని కొత్తగా వచ్చినవాడు భావించును. చిన్న సంస్థలకే ఇట్టి మఱపు కలుగుననుకొనవలదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్టు తన ‘పాస్‌పోర్టు డాట్ కామ్’ అను డొమైనుకు రుసుము చెల్లింప మఱచినందున హాట్‌మెయిలు వాడువారు లోనికి పోలేక నిలిచిపోగా, ఎవరో పరాయి ప్రోగ్రామరు తన జేబునుండి 35 డాలర్లు చెల్లించి వారిని గట్టెక్కించెను. వాడుకలో నున్న దానినే, ధనమున కొదవలేని సంస్థ మఱచిపోయినపుడు, వాడుకలో లేనిదానిని మన గ్రామీణ బ్యాంకు శాశ్వతముగా జ్ఞాపకముంచుకొనుననుట దురాశ. మఱచిపోక తప్పనిదానిని, మఱచిపోకముందే, చాటింపు వేసి, సన్నాహముతో విడుచుట మేలు.

నిలుపువాది: మఱతుమన్న భయముతో ముందే వదలుకొనుట యెట్టిదో చెప్పుటకు మనకు దూరపు నిదర్శన మక్కఱలేదు. 2014లో భద్రాచలము పట్టణమును తెలంగాణలో నుంచి, చుట్టునున్న పల్లెలను ఆంధ్రప్రదేశములో కలిపిరి. పట్టణమునుండి దుమ్ముగూడెము పోవువాడు నడుమ ఎటపాక కడ పొరుగు రాష్ట్రమును త్రొక్కి మరల సొంత రాష్ట్రములో ప్రవేశించును. అట్లు ఆవలి పాలైన పురుషోత్తపట్నములో సీతారామచంద్రస్వామి దేవస్థానపు భూములు ఎనిమిది వందల యెకరములకు పైగా గలవు. దేవుడొక రాష్ట్రములో, మాన్యమొక రాష్ట్రములో. ఆ భూములలో ఆక్రమణల తగవు నేటికిని తెగలేదు. దేవస్థానము వారు హద్దు చూపబోయిన ప్రతిసారియు ఘర్షణయే. అవి తమకు వెంటనే పనికివచ్చుట లేదని దేవస్థానము వాటిని వదలుకొనెనా? హక్కు పత్రములను పట్టుకొని న్యాయస్థానముల చుట్టు తిరుగుచున్నది. చూపు తప్పిన ఆస్తిమీద పరుల చూపు పడునని ఈ సరిహద్దున బాలురకును తెలియును.

విడుపువాది: ఉపమానము రమ్యముగా నున్నది గాని సరిపడదు. దేవుని మాన్యము ఆస్తి. శిస్తు కట్టకున్నను అది దేవునిదే, ఆక్రమించినవానికి శతాబ్దము గడచినను న్యాయస్థానములో జంకు తప్పదు. డొమైను ఆస్తి కాదు, కౌలు. గడువు తీఱిన దినమున మీ హక్కు ముగియును, తరువాత పుచ్చుకొనినవాడు ఆక్రమణదారుడు కాడు, నియమానుసారముగా వచ్చిన కొత్త కౌలుదారు. అయినను దుర్బుద్ధితో పుచ్చుకొనినవానినుండి తిరిగి రాబట్టుటకు, డాట్ ఇన్ పేర్లను నిర్వహించెడు నిక్సీ సంస్థవారి మధ్యవర్తిత్వ విధానము కలదు. ముందుగా భయపడి అన్నింటిని మూట గట్టుకొనుటకన్న, హాని జరిగినచోట పోరుట పొదుపు.

నిలుపువాది: పోరునది యెవరు? ఫిర్యాదిలో ‘ఈ పేరుమీద హక్కు మాది’ అని సంతకము చేయవలసిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు లేదని మొదటి వాక్యములోనే మీరు సెలవిచ్చితిరి. మధ్యవర్తి తీర్పు చెప్పునాటికి ఎంతమంది వృద్ధుల ఖాతాలు ఖాళీయగునో ఏ విధానములోను వ్రాసియుండదు. మీ కౌలు మాట మాత్రము నాకు నచ్చినది. కౌలు కనుకనే దానిని విడుచువాడు కలకాలపు హాని తెచ్చును, నిలుపువాడు ఏడాదికి కొన్ని వందల రూపాయలు చెల్లించును. 928 శాఖల తెలంగాణ గ్రామీణ బ్యాంకునకు ఇది టీ ఖర్చులోనికి కూడ రాదు.

విడుపువాది: రూపాయల మాట నేనెత్తలేదు, ఎత్తను. మీరు దాటిపోయిన చిక్కు వేఱొకటి యున్నది: తెలంగాణ గ్రామీణ బ్యాంకే యేల చెల్లింపవలెను? పాత బ్యాంకు ప్రధాన కార్యాలయము వరంగల్లున నుండెను, ఎక్కువ జిల్లాలు తెలంగాణవే. కాని పేరులో నున్నది ఆంధ్రప్రదేశము. ఆవల శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ఖాతాదారులును ఆ పేరు క్రిందనే జీవించిరి. తెలంగాణ వారసుడు దానిని పట్టుకొనినచో, పొరుగు రాష్ట్రపు ఖాతాదారుల ఉత్తరములు తన గుప్పిటిలో నుంచుకొనినట్లగును. ఆంధ్ర వారసుడు పట్టుకొనినచో ఖమ్మము, నల్లగొండ రైతుల ఉత్తరములకు అదియే గతి. ఇరువురును పట్టుకొనుట డొమైను విషయమున కుదరదు. దాని కొకే యజమాని. విద్యుత్తు బకాయిలే యింకను తెమలని రెండు రాష్ట్రముల నడుమ ఈ పేరునకు ఉమ్మడి పరిపాలన యెవరు నడపుదురు? అందుచేతనే, ఎవరికిని దక్కనిదిగా విడుచుట ఒక విధమైన న్యాయమనిపించుచున్నది.

నిలుపువాది: ఈ చిక్కు నిజమైనది, దీనికి నా కడ సిద్ధౌషధము లేదు. శాఖలను, ఆస్తులను, అప్పులను, సిబ్బందిని పంచుటకు వ్రాతలు వ్రాసికొనినవారు చిరునామాను గూర్చి కూడ ఒక వాక్యము వ్రాసికొనదగియుండెను అనిమాత్రము అందును. అయినను వారసుల కలహము ఆస్తిని వీథిలో పడవైచుటకు కారణము కాజాలదు. డొమైనును ఒకేసారి పది యేండ్లకు కట్టించు వీలు కలదు. మొదటి రెండేండ్లు మెయిలును ఒక పెట్టెలో పట్టి, ఏ రాష్ట్రపు ఖాతాదారునిది ఆ రాష్ట్రపు బ్యాంకునకు పంపుడు. తక్కిన యెనిమిదేండ్లు మూగగా నుంచుడు. యజమానిగా నమోదగు పేరు ఒక వ్యక్తిది కాక ఒక పదవిదై యుండవలెను. జ్ఞాపకపు సందేశము రెండు ప్రధాన కార్యాలయములకును పోవలెను.

విడుపువాది: పది యేండ్లకు ఒప్పుకొనినచో పదునొకండవ యేట ఏమందురు? అపుడును పాసుపుస్తకమొకటి చర్లలో మిగిలియున్నదని చెప్పి మఱి పది యేండ్లు అడుగుదురు. 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయెను. 1941 నాటి హైదరాబాదు స్టేటు బ్యాంకు 2017లో స్టేటు బ్యాంకులో కలిసెను. ఆ పేర్లు వినినంతనే కన్నులు చెమర్చువారు నేటికిని గలరు. మీ రక్షణవాదమునకు అడుగున ఆ మమకార మించుక లేదా? ఒక పేరు ముగిసినదని ఒప్పుకొనుటకు ఒక తేదీ కావలెను. ఆ తేదీని మీరు నియమించుట లేదు, వాయిదా వేయుచున్నారు.

నిలుపువాది: మమకార మున్నదేమో, లేదని ప్రమాణము చేయను. కాని తేదీని కాలెండరు చూచి నియమింపరాదు, వచ్చెడు ఉత్తరములను చూచి నియమింపవలెను. పాత చిరునామాను తట్టువారి లెక్క యేటేటా తీయుడు; ఒక సంవత్సరము పొడవున మనుష్యుడెవ్వడును తట్టకున్నచో, అపుడు నేను మీ పక్షమున సంతకము చేయుదును.

విడుపువాది: మనుష్యులు మానినను యంత్రములు తట్టుచునే యుండునని మీ మోబి కథయే చెప్పుచున్నది. ఆ సంవత్సరము రాదు.

నిలుపువాది: రాకున్న, విడువరాదనుటకు అదియే సాక్ష్యము.

విడుపువాది: లేక, ఎన్నటికిని విడువరానిదానిని మొదట పుచ్చుకొనుటయే తప్పనుటకు సాక్ష్యము. ఈ విషయమున మనము కలియుట లేదు. కలిసినచోటు నొకదానిని చెప్పి లేచెదను. పాత చిరునామా ఎవరి చేత నున్నను లేకున్నను, పాసుపుస్తకముమీద పాత పేరున్న ప్రతి ఖాతాదారుడును ఒక్కసారి తన శాఖకు పోయి పుస్తకము మార్పించుకొనవలెను. ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అను తోక లేని ఏ పేజీలోను తన ఖాతా సంఖ్యను గాని ఓటీపీని గాని వ్రాయరాదు. సొమ్ము పోయినచో గడియ జాగు చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆ నంబరు సరిహద్దునకు రెండు వైపులను పనిచేయును.